ఒడ్డు మీద నిలబడి గాలిని ఎలా అంచనా వేస్తారు? ఏ సెయిల్ కట్టాలో ఎలా తేల్చుకుంటారు?

కొత్తగాలి
నమస్కారం అందరికీ. విండ్‌సర్ఫింగ్‌లో ఇది నా రెండో సీజన్. హార్నెస్ (సెయిల్ లాగే బరువును ఒంటికి తగిలించుకునే, హుక్ ఉన్న పట్టీ) వాడుతున్నాను, గాలి బాగుంటే ప్లేనింగ్, అంటే బోర్డు నీటి మీద లేచి జారడం, కూడా వస్తోంది. ఫుట్‌స్ట్రాప్‌లు, అంటే బోర్డు మీద కాళ్ళు దూర్చే పట్టీలు, ఇంకా అలవాటు కాలేదు. బరువు 78 కిలోలు, బోర్డు పరిమాణం 125 లీటర్లు, సెయిల్స్ (తెరచాపలు) రెండే: 7.2, 5.7 చదరపు మీటర్లవి. బోర్డు వెనక అడుగున ఉండే ఫిన్ (రెక్క) ఒకటే, 44 సెంటీమీటర్లది.

పోయిన వారం జరిగింది చెప్తాను. గాలి అంచనా చెప్పే యాప్‌లో 14 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) అని ఉంది. ఒడ్డుకు వెళ్ళి నిలబడితే చెంపకు గాలి తగిలీ తగలనట్టు ఉంది. ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఇక ఆలోచించకుండా 7.2 కట్టాను. గాలి నా వీపు వైపు నుంచి నీళ్ళ మీదికి పోతోందని అప్పుడు పట్టించుకోలేదు. మొదటి వంద మీటర్లు హాయిగా సాగింది. మూడు వందల మీటర్లు దాటాక నీళ్ళ రంగే మారిపోయింది. ఒక్క విసురుకు సెయిల్ నన్ను హుక్‌తో సహా ముందుకు ఎత్తి పడేసింది. ఆ తర్వాత అప్‌హాల్ తాడు పట్టి సెయిల్ లేపిన ప్రతిసారీ బూమ్ (సెయిల్‌ను పట్టుకునే అడ్డ కర్ర) చేతికి అందే లోపే గాలి లాగేసుకుంది. పడిన ప్రతిసారీ ఇంకొంచెం దూరం కొట్టుకుపోయాను. చివరికి అటుగా వచ్చిన పడవ వాళ్ళు లాక్కొచ్చారు. ఒడ్డున దిగి చూస్తే అక్కడ గాలి ఎప్పటిలాగే మెత్తగా ఉంది!

ఒడ్డున ఉన్నప్పుడే గాలి ఎంతుందో మీరు ఎలా కనిపెడతారు? దాన్నిబట్టి సెయిల్ ఎలా తేల్చుకుంటారు?

నీటిచూపు
ముందుగా, క్షేమంగా బయటపడ్డారు, సంతోషం. మీకు జరిగింది చాలామందికి జరిగేదే, కాబట్టి వివరంగా రాస్తాను.

ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి పోయే గాలిలో ఒడ్డున నిలబడి చేసే అంచనా దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. దానికి మూడు కారణాలున్నాయి. మీ వెనక చెట్లో, గట్టో, కట్టడాలో ఉంటాయి. గాలి వాటి మీద నుంచి దూకి, ఎత్తుకు పది ఇరవై రెట్ల దూరం పోయాక గానీ మళ్ళీ కుదురుగా నీటిని తాకదు. పది మీటర్ల చెట్ల వరస ఉంటే రెండు వందల మీటర్ల దాకా మీరు చూసేది దాని చాటునే. రెండోది, అల పెరగడానికి గాలికి కొంత దూరం పారే జాగా కావాలి. ఒడ్డు పక్కన ఆ జాగా ఉండదు, అందుకే ఎంత గాలి ఉన్నా అక్కడ నీళ్ళు నున్నగానే కనిపిస్తాయి. మూడోది ఎవరూ పెద్దగా చెప్పరు. అలలు మీకు దూరంగా పోతున్నప్పుడు మీకు కనపడేది వాటి వీపు. నురగ విరిగేది అవతలి ముఖం మీద. కాబట్టి అక్కడ తెల్లదనం ఉన్నా మీ కంటికి సగం కూడా ఆనదు.

అందుకని కాళ్ళ దగ్గరి నీళ్ళు వదిలేసి, మీరు నిజంగా తిరగబోయే చోటు, అంటే నాలుగైదు వందల మీటర్ల అవతల, చూడటం అలవాటు చేసుకోండి. ఒకసారి చూసి తిరిగిపోకండి. కనీసం పదిహేను నిమిషాలు కూర్చోండి. గాలి ఊపిరిలా వస్తూ పోతూ ఉంటుంది. మీరు చూసిన ఒక్క నిమిషం అది తెరిపిచ్చిన నిమిషమే కావచ్చు.

నేను నీళ్ళలో చూసేవి ఇవి. సన్నని ముడతలు మాత్రమే ఉండి, ఎక్కడా తెలుపు లేకపోతే ఏడెనిమిది నాట్ల లోపు. అక్కడొకటి ఇక్కడొకటి తెల్లచుక్క పుట్టి వెంటనే మాయమవుతుంటే పది దరిదాపుల్లో. ఎటు చూసినా నాలుగైదు చుక్కలు ఎప్పుడూ కనపడుతూ ఉంటే 12 నుంచి 15. మీ సెయిల్ 7.2 పుట్టింది ఈ గాలికే. తెలుపు లెక్కపెట్టలేనంత అయి, అల తల నుంచి తుంపర లేవడం మొదలైతే 17 నుంచి 21. అక్కడ 5.7. అంతకు మించి, అలలు పెద్దవై నురగ తలలు నీళ్ళంతా పరుచుకుంటే 22 దాటినట్టు. ప్రస్తుతానికి ఒడ్డున కూర్చుని చూడండి, చూడటం కూడా సాధనే.

గాలి విసురు రావడం కూడా కనపడుతుంది. నీటి మీద ముదురు మచ్చ ఒకటి జారుకుంటూ వస్తుంది. అది మీ దగ్గరికి చేరే లోపు నడుము కిందికి దించి, బరువు హార్నెస్‌కు వేసి సిద్ధంగా ఉండాలి.

అలలబాట
నీటిచూపు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. నురగ లెక్కను నీటి ప్రవాహం తప్పుదారి పట్టిస్తుంది. పోటు నీరు గాలికి ఎదురుగా పారుతుంటే అలలు నిటారుగా లేచి, పది నాట్లకే పదిహేను అనిపించేంత తెలుపు వస్తుంది. నీరూ గాలీ ఒకే దిక్కుకు పోతుంటే అదే పదిహేను నాట్లు నున్నగా కనిపిస్తాయి. ఆటుపోట్లు ఉన్న చోట ఆ సమయాలు చూడకుండా నురగ లెక్క నమ్మొద్దు.

ఇంకోటి, నీళ్ళలో అప్పటికే ఉన్నవాళ్ళను చూడండి. యాప్ కంటే వాళ్ళే నిజం. అయితే “ఆయన 6.0 వేశాడు కదా, నేనూ అదే” అంటే కుదరదు. ఆయన బరువెంత, బోర్డెంత, విసురు వచ్చినప్పుడే ప్లేన్ అవుతున్నాడా, తెరిపిలో కూడా సాగిపోతున్నాడా, సెయిల్‌ను చేతులతో పంప్ చేసి లేపుకుంటున్నాడా అన్నవి చూడాలి. ఒడ్డుకు వచ్చినప్పుడు వెళ్ళి అడగండి. ఈ ఆటలో అడిగితే చెప్పనివాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

లెక్కలమాస్టారు
సంఖ్యలు ఇష్టపడేవాళ్ళ కోసం. గాలి సెయిల్ మీద వేసే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 12 వర్గం 144, 17 వర్గం 289. అంటే ఐదు నాట్లు పెరిగితే మీ చేతుల్లో బరువు రెట్టింపు. 12 తెరిపికీ 20 విసురుకూ మధ్య తేడా దాదాపు 2.8 రెట్లు. కొత్తగాలి గారూ, మిమ్మల్ని ఎత్తి పడేసింది ఈ లెక్కే. యాప్‌లో “14” ఒక్కటే చూశారు, పక్కన విసురు గాలి అంకె కూడా ఉండి ఉంటుంది. రెండూ కలిపి చదవాలి. రెండింటి మధ్య దూరం ఎక్కువైతే అది కష్టమైన గాలి.

ఒక మోటు సూత్రం ఉంది: కిలోల్లో మీ బరువును 1.4తో గుణించి, నాట్లలో గాలితో భాగించండి. వచ్చేది చదరపు మీటర్లలో సెయిల్. మీకు 78 × 1.4 = 109. 15 నాట్లకు 7.3, 19కి 5.7, 25కి 4.4. మీ రెండు సెయిల్స్ 15కూ 19కీ సరిగ్గా పడ్డాయి, కాబట్టి మధ్యలో పెద్ద ఖాళీ లేదు. 22 దాటితే మీ దగ్గర ఏమీ లేదు.

యాప్ అంకె గురించి కూడా ఒక మాట. వాతావరణ కేంద్రాలు గాలిని పది మీటర్ల ఎత్తున కొలుస్తాయి, అంచనాలు కూడా ఆ ఎత్తుకే ఇస్తాయి. మీ సెయిల్ నడుమ భాగం రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. నీళ్ళ మీద అక్కడ గాలి పది మీటర్ల కంటే సుమారు 15 శాతం తక్కువ. అదే గడ్డినేల మీద చేతి మీటర్ పట్టుకుంటే పావు వంతు దాకా తగ్గుతుంది. మీటర్‌ను గడ్డి మీద కాదు, నీటి అంచున, చెయ్యి పైకి చాచి, గాలికి ఎదురుగా పట్టి రెండు మూడు నిమిషాలు చూడండి. సగటూ అత్యధికమూ రెండూ రాసుకోండి.

చల్లగాలి బరువు. సున్నా డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కంటే దాదాపు 11 శాతం సాంద్రం. మీటర్ అదే అంకె చూపిస్తుంది, సెయిల్ మాత్రం ఎక్కువ లాగుతుంది. చలిరోజు అర మీటర్ చిన్న సెయిల్ కట్టినా లోటు తెలియదు.

చిన్నపడవ
మాస్టారూ, సూత్రం బాగుంది. అయితే నా బరువు 54 కిలోలు. 18 నాట్లకు మీ సూత్రం 4.2 అంటుంది. నేను వాడేది 4.7. నా బరువు తగ్గినంత మాత్రాన బోర్డు బరువు, మాస్ట్ (సెయిల్‌ను నిలబెట్టే స్తంభం) బరువు తగ్గవు కదా. వాటిని కదిలించడానికీ గాలి కావాలి. బక్కపలచని వాళ్ళు సూత్రం చెప్పినదానికి అర మీటర్ దాకా కలుపుకోవాలి.

సెయిల్ పట్టికలు చాలావరకు 75 కిలోల మనిషిని ఊహించుకుని వేసినవి. మొదటి ఏడాది నేను ఆ పట్టిక నమ్మి 6.5 లాగుతూ, నాలో బలం లేదని రోజూ బాధపడ్డాను. లోపం నాది కాదు. 5.0 చేతికిచ్చి “ఇది కట్టి చూడమ్మా” అన్న పెద్దావిడకు ఈరోజుకీ రుణపడి ఉన్నాను. తేలికైనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, పక్కవాళ్ళ సెయిల్ చూసి మీ సెయిల్ తేల్చుకోకండి.

కొత్తగాలి
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక అనుమానం. విసురుకీ తెరిపికీ ఇంత తేడా ఉన్నప్పుడు సెయిల్ దేనికి తగ్గట్టు కట్టాలి?

అలలబాట
తెరిపికి. తెరిపిలో సాగలేకపోతే నీళ్ళలో నిలబడి వణకడమే మిగులుతుంది. విసురులో సెయిల్ వెనక అంచు వదులైతే అదే గాలిని వదిలేస్తుంది.

నీటిచూపు
అలలబాట గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. మీకు ఇరవై ఏళ్ళ చేతివాటం ఉంది. విసురు వచ్చినప్పుడు వెనక చెయ్యి ఎంత తెరవాలో మీ వేళ్ళకు తెలుసు. ఫుట్‌స్ట్రాప్‌లు కూడా ఇంకా కుదరని మనిషి తెరిపికి తగ్గట్టు కడితే పోయిన వారం జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఆయన విసురు వేగానికి ఒక మెట్టు కిందా, సగటు వేగానికి కాస్త పైనా ఉన్న గాలికి తగ్గట్టు కట్టుకోవాలి. తెరిపిలో బోర్డు మీద నిలబడి మెల్లగా పోవచ్చు. 125 లీటర్లు ఉన్నాయి కదా, తేలిపోతుంది.

అలలబాట
నిజమే, ఆయన స్థాయికి మీరు చెప్పిందే సరి. నేను నా అలవాటు నుంచి రాశాను.

సరిగ్గా కట్టిన సెయిల్ గాలి పరిధి మాత్రం చాలా పెద్దదండీ. అది కూడా నేర్చుకోవాలి. సరంజామా మార్చే ముందు తాళ్ళు మార్చండి. డౌన్‌హాల్, అంటే సెయిల్‌ను మాస్ట్ అడుగు వైపు కిందికి లాగే తాడు, సరిపడా లాగకపోతే బరువంతా వెనక చేతి మీదికి వస్తుంది. విసురు వచ్చినప్పుడల్లా వెనక చెయ్యి గుంజుకుపోతుంటే అది “సెయిల్ పెద్దది” అని చెప్పడం కాకపోవచ్చు, “డౌన్‌హాల్ చాలలేదు” అని చెప్పడం కావచ్చు. సెయిల్‌ను నేల మీద పడుకోబెట్టి పై భాగం చూడండి. పై రెండు బాటెన్ల (సెయిల్‌లో అడ్డంగా ఉండే సన్నని బద్దల) మధ్య వెనక అంచు బట్ట అలలా వదులుగా వేలాడాలి. బిగుతుగా ఉంటే ఇంకా లాగాలి. గాలి పెరిగితే మరో సెంటీమీటరో రెండో లాగి, అవుట్‌హాల్ (సెయిల్‌ను బూమ్ చివరికి లాగే తాడు) కూడా రెండు సెంటీమీటర్లు బిగించండి, పొట్ట చదునవుతుంది. గాలి పడిపోతే అవుట్‌హాల్ మాత్రం వదలండి, పొట్ట లోతై ఊపు వస్తుంది. డౌన్‌హాల్ జోలికి వెళ్ళకండి. మాస్ట్ అడుగును, అంటే అది బోర్డుకు అతుక్కునే చోటును, రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపితే బోర్డు నీళ్ళకు అతుక్కుని అదుపులో ఉంటుంది.

పాతచాప
చర్చ బాగా సాగుతోంది. ఒక పాత ముచ్చట గుర్తొచ్చింది. గాలి బలాన్ని మెట్లుగా చెప్పే బ్యూఫోర్ట్ స్థాయిలను 1805లో కూర్చిన బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ మొదట వేగం అంకెలు రాయలేదు. ఒక పెద్ద యుద్ధనౌక ఏ గాలికి ఎన్ని తెరచాపలు మోయగలదు, ఏవి దించాలి అన్నదే ఆయన కొలత. 1838లో బ్రిటిష్ నౌకాదళం తన ఓడలన్నీ దినచర్య పుస్తకంలో గాలిని ఆ స్థాయిల్లోనే రాయాలంది. నాట్లు, నీటి గుర్తులు తర్వాత చేరాయి. మనం ఇక్కడ అడుగుతున్నదీ అదే ప్రశ్న, ఈ గాలికి ఎంత చాప?

ఫాయిల్‌ప్రేమి
ఒక దారి ఎవరూ చెప్పలేదు. గాలి 8 నుంచి 12 నాట్ల మధ్య ఎక్కువగా ఉండే చోట ఫాయిల్, అంటే ఫిన్ బదులు బోర్డు కింద బిగించి దాన్ని నీటి పైకి లేపే రెక్క, చూడండి. ఎనిమిదో తొమ్మిదో నాట్లకే బోర్డు నీటి మీద నుంచి లేస్తుంది, అదీ ఫిన్‌తో వాడేదానికంటే ఒకటిన్నర మీటర్ చిన్న సెయిల్‌తో. పారిస్ 2024 ఒలింపిక్స్ ఫాయిల్ విండ్‌సర్ఫింగ్ పోటీలో పురుషులకు 9.0, మహిళలకు 8.0 సెయిల్ ఒక్కొక్కటే. తేలిక గాలికీ గట్టి గాలికీ అదే.

తీరంకాపు
ఫాయిల్‌ప్రేమి గారూ, ఆ ఒలింపిక్ మాట కొత్తవాళ్ళు అపార్థం చేసుకుంటారు. వాళ్ళు ఒక్క సెయిల్‌తో అన్ని గాలుల్లో తిరగగలుగుతున్నారంటే అది ఏళ్ళ తరబడి రోజూ చేసిన సాధన, పక్కనే కోచ్ పడవ. పైగా ఫాయిల్ మాస్ట్ (రెక్కను బోర్డుకు కలిపే నిలువు కాడ) దగ్గర దగ్గర మీటర్ పొడవు, ఛాతీ లోతు నీళ్ళు లేనిదే వాడకూడదు. రెండో సీజన్‌లో ఉన్న మనిషి ముందు ఫిన్‌తో 5.7ను అదుపు చేయడం నేర్చుకోనివ్వండి.

నేను తీరంలో కాపలా పని చేశాను కాబట్టి అసలు విషయం చెప్తాను. బోర్డు లీటర్లు మీ బరువు కంటే ముప్పై నలభై ఎక్కువ ఉంటేనే గాలి చచ్చిపోయినప్పుడు దాని మీద నిలబడి సెయిల్ లేపి రాగలరు. 78కి 125 సరిగ్గా ఉంది. గట్టి గాలి రోజున ఎవరైనా చిన్న బోర్డు చేతికిస్తే తీసుకోకండి. నేను లాక్కొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది పెద్ద గాలిలో చిక్కినవాళ్ళు కారు. చిన్న బోర్డు మీద ఉండగా గాలి ఆగిపోయినవాళ్ళు.

ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి పోయే గాలిలో, మిమ్మల్ని తీసుకురాగల పడవ ఒడ్డున లేకపోతే, వెళ్ళకండి. గాలి ఎంత ముచ్చటగా ఉన్నా వెళ్ళకండి. ఏదైనా అయితే బోర్డును వదిలి ఈదకండి, బోర్డు తేలుతుంది, దూరం నుంచి కనపడుతుంది. సెయిల్‌ను బోర్డు వెనక భాగం మీద పడుకోబెట్టి, పైన బోర్లా పడుకుని చేతులతో తెడ్డేయండి. అది కూడా పనిచేయకపోతే రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. అది ప్రపంచమంతా తెలిసిన ఆపద సైగ.

చిన్నపడవ
ఇది నీళ్ళలోకి వెళ్ళే ముందు ప్రతి ఒక్కరూ ఒడ్డున ఒకసారి చేసి చూడాలి. సెయిల్‌ను బోర్డు మీద పడుకోబెట్టడం చదివినంత తేలిక కాదు. నడుము లోతు నీళ్ళలో సాధన చేయండి.

కొత్తగాలి
పది రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, మీ అందరికీ చెప్పకుండా ఉండలేక.

నిన్న మధ్యాహ్నం వెళ్ళాను. గాలి ఒడ్డుకు ఏటవాలుగా, నీళ్ళ వైపు నుంచే వస్తోంది. యాప్‌లో 16, విసురు 22. సరంజామా బండి మీదే ఉంచి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు చూసి 7.2 చాలు అనుకున్నాను. ఆరో నిమిషంలో ముదురు మచ్చ ఒకటి అడ్డంగా జారుకుంటూ వచ్చింది, దాని వెనక తెలుపు లెక్కపెట్టలేనంత. తర్వాత నాలుగు నిమిషాలు మళ్ళీ మామూలే. ఆ ఇరవై నిమిషాల్లో అలాంటివి మూడు వచ్చాయి. ఒక్క చూపు చూసి వచ్చి ఉంటే మళ్ళీ తప్పు చేసేవాణ్ణి.

ఒడ్డుకు వచ్చినాయన్ని అడిగాను. 85 కిలోలు, 6.2 మీద ఉన్నారు, విసురులో కాస్త ఎక్కువవుతోంది అన్నారు. 5.7 కట్టాను. డౌన్‌హాల్ ఎప్పుడూ లాగేదానికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ లాగితే గానీ పై అంచు వదులు కాలేదు. ఇన్నాళ్ళూ సగం లాగి తిరిగానన్నమాట.

నీళ్ళలో మొదటి పావుగంట బోర్డు నడుస్తుందే గానీ లేవలేదు. వెనక్కి వెళ్ళి 7.2 కట్టాలని మనసు పీకింది. అప్పుడే ఎగువ నుంచి మచ్చ వస్తూ కనపడింది. నడుము దించాను, బరువు హుక్‌కు వేశాను. సెయిల్ ఒక్కసారి బరువెక్కింది, పై భాగం తెరుచుకుంది, బోర్డు కింద చప్పుడు మారింది. అలలు కొడుతున్న డబడబ ఆగిపోయి సన్నగా గీసుకుపోతున్న శబ్దం ఒక్కటే మిగిలింది. వెనక కాలు దానంతట అదే స్ట్రాప్‌లోకి వెళ్ళింది. మొన్నటిసారి అయితే అదే విసురు నన్ను ఎత్తి పడేసేది.

రాత్రి నోట్‌బుక్ ఒకటి మొదలుపెట్టాను. తేదీ, గాలి దిక్కు, యాప్ అంకె, నా కంటి అంచనా, కట్టిన సెయిల్, డౌన్‌హాల్, ఎలా సాగింది. మొదటి పేజీ నిండింది.

ఒక్క ఇబ్బంది ఉంది. గట్టి విసుర్లలో బోర్డు ముక్కు లేచి, గాలి వైపు అంచు ఎగిరిపోబోయింది. రెండుసార్లు తన్నుకుని పడ్డాను. మాస్ట్ అడుగు ముందుకు జరిపితే కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

అలలబాట
చదువుతుంటే నాకే నీళ్ళలోకి దూకాలనిపించింది. ఆ శబ్దం మారడం ఎవరూ మరచిపోలేరు.

మీ ఇబ్బంది ఫిన్‌ది. 44 అనేది 7.2కు సరిపోయే ఫిన్. 5.7తో వేగం పెరిగినప్పుడు అంత పెద్ద ఫిన్ బోర్డు వెనక భాగాన్ని కింద నుంచి ఎత్తేస్తుంది, మీరు కాళ్ళతో ఎంత నొక్కినా ఆగదు. 36 లేదా 38 ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి ఒకరోజు వాడి చూడండి. మరీ చిన్నదైతే వెనక కాలు గట్టిగా తన్నినప్పుడు వెనక భాగం పక్కకు జారిపోతుంది, అది అనిపిస్తే ఒక మెట్టు పెద్దది వేయండి.

నోట్‌బుక్‌లో ఫిన్ కొలతకూ ఒక గడి పెట్టండి.

నీటిచూపు
నీళ్ళు ఉప్పువా మంచినీళ్ళా అన్నది కూడా రాయండి. ఉప్పునీటిలో మీ బోర్డు మూడు కిలోలు ఎక్కువ మోస్తుంది, తెరిపిలో ఆ తేడా తెలుస్తుంది. 36 ఫిన్ దొరికాక ఎలా ఉందో ఇక్కడే చెప్పండి, ఎదురుచూస్తుంటాను.